లింకు పంపే ముందు

చిరంజీవులకు ఆశీస్సులు.

మన కుటుంబ వాట్సాప్ గ్రూపులో మీరు పెట్టే లింకులు కొన్ని నాలుగైదు వరుసల పొడవున వస్తున్నాయి. వాటిలో ఉండవలసినదేదో, తీసివేయదగినదేదో మీకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

లింకులో మొదట సైటు పేరు, ఆ తరువాత ఏటవాలు గీతలతో పేజీ దారి ఉంటాయి. చాలాసార్లు చిరునామా అక్కడితో పూర్తవుతుంది. దాని వెనుక ప్రశ్నార్థకం వస్తే, అక్కడి నుంచి సైటుకు అందే అదనపు వివరాలు మొదలవుతాయి. ‘యూటీఎమ్’తో మొదలయ్యేవి మీరు ఏ ప్రకటన చూసి, ఏ ఈమెయిల్ నొక్కి వచ్చారో సైటువారు లెక్క కట్టుకోవడానికి పెట్టుకున్నవి, ‘ఎఫ్‌బీక్లిడ్’ ఫేస్‌బుక్ తగిలించేది. మన రాకపోకల ఆనవాళ్లను బంధువులందరికీ పంచవలసిన పని లేదు కనుక వీటిని నిస్సంకోచంగా తొలగించండి.

అయితే ప్రశ్నార్థకం కనబడగానే మొత్తం కత్తిరించకూడదు. యూట్యూబ్ పూర్తి లింకులో ‘వీ’ అనే అక్షరం, సమాన గుర్తు తరువాత వచ్చే 11 గుర్తులే ఆ వీడియోకు ఆధారం. ‘టీ’ ఉంటే వీడియో ఎక్కడి నుంచి మొదలవ్వాలో చెబుతుంది. షేర్ బటన్ నొక్కినప్పుడు చేరే ‘ఎస్ఐ’ని మాత్రం తీసివేయవచ్చు.

తెలుగు వికీపీడియా లింకుల సంగతి వేరు. పైన చక్కగా తెలుగులో కనిపించిన పేరు, కాపీ చేసి అతికించగానే శాతం గుర్తుల వరుసగా మారిపోతుంది. మన లిపిలోని ప్రతి అక్షరమూ, ప్రతి గుణింతపు గుర్తూ, కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు (బైటు అంటే కంప్యూటర్ నిల్వలో ఒక చిన్న కొలత) తీసుకుంటుంది. లింకులో ఒక్కో బైటును ఒక శాతం గుర్తుతోనూ మరి రెండు గుర్తులతోనూ రాస్తారు. ‘తెలుగు’ అనే మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు ఉన్నాయి కనుక అది 54 గుర్తులవుతుంది. చూడడానికి చెత్తలా ఉన్నా అది మన పేజీ పేరే, అందులో ఒక్కటి చెరిగినా పేజీ దొరకదు. పొడవు ఇబ్బందైతే వికీపీడియాలోనే పొట్టి లింకు ఇచ్చే సదుపాయం ఉంది. ఊరూపేరూ తెలియని ఇతర పొట్టి లింకులు ఎక్కడికి తీసుకువెళతాయో చదివేవారికి కనబడదు కనుక వాటిని నేను ఇష్టపడను.

కత్తిరించిన లింకును ఇన్‌కాగ్నిటో విండోలో, అంటే మీ లాగిన్‌లు వర్తించని బ్రౌజర్ కిటికీలో తెరిచి, అదే పేజీ వచ్చిందని చూసుకున్నాకే పంపండి. పాస్‌వర్డు మార్చుకోవడానికి మెయిల్‌లో వచ్చిన లింకును మాత్రం ఇలా కత్తిరించవద్దు. అందులోని పొడవాటి అక్షరాల వరుసే మీ ఖాతాకు తాళంచెవి, దానిని ఏ రూపంలోనూ ఎవరికీ పంపకండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య