జాబితాలో లేని వర్చువల్ మెషిన్ పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

వర్చువల్ మెషిన్ అంటే ఒక కంప్యూటర్‌లో ప్రోగ్రాముగా నడిచే మరో కంప్యూటర్. దాన్ని నడిపే ప్రోగ్రాము తన మెషిన్ల పేర్లను ఒక జాబితాలో చూపిస్తుంది. "మెషిన్లన్నీ మాయమయ్యాయి" అని నన్ను పిలిచిన చాలా సందర్భాల్లో అవి డిస్కులో పదిలంగానే ఉన్నాయి. పాడైనవి చాలావరకు కంగారులో పాడుచేసుకున్నవే.

అపోహ: జాబితాలో పేరు లేకపోతే మెషిన్ చెరిగిపోయినట్టే.

వాస్తవం: జాబితా హాజరుపట్టీ లాంటిది. పట్టీ చిరిగితే పిల్లలు మాయం కారు. మెషిన్లను నడిపే వర్చువల్‌బాక్స్ ప్రోగ్రాము ఈ పట్టీని యూజర్ ఖాతా కింద ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలులో రాసుకుంటుంది. మెషిన్ అమరికలు ఉండేది వీబాక్స్ ఫైలులో, డేటా ఉండేది డిస్కు ఫైలులో. పట్టీ పోతే ఆ వీబాక్స్ ఫైలును మళ్లీ చేర్చుకుంటే చాలు. అదీ పాడైతే, పేరు చివర 'ప్రీవ్' అని ఉన్న పాత ప్రతి పక్కనే ఉందేమో చూడండి. ఏం చేసినా ముందు ఫోల్డరంతా కాపీ తీసుకోండి.

అపోహ: ప్రోగ్రామును తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే తిరిగొస్తాయి.

వాస్తవం: రావు. ముందు ఎవరి ఖాతాలో ఉన్నారో చూసుకోండి. రూట్‌గా (లినక్స్ నిర్వాహక ఖాతాతో) తెరిస్తే వర్చువల్‌బాక్స్ రూట్ జాబితానే చూపిస్తుంది. లినక్స్‌లో మెషిన్లను చూసుకునే వర్ట్-మేనేజర్‌లోనూ సిస్టమ్ కనెక్షన్‌కు ఒక జాబితా, యూజర్ సెషన్‌కు మరో జాబితా. ఈ ఒక్క తేడాతో పగలంతా తల పట్టుకున్నవారు ఉన్నారు. వారిలో నేనూ ఒకణ్ని.

అపోహ: కొత్త మెషిన్ సృష్టించి పాత డిస్కు తగిలిస్తే సరి.

వాస్తవం: స్నాప్‌షాట్లు (మెషిన్ ఒక క్షణంలో ఉన్న స్థితిని దాచుకున్నవి) లేకపోతే ఒప్పుకుంటాను. అప్పుడు కూడా పాతది యూఈఎఫ్‌ఐతో నడిచి ఉండి, కొత్తదాన్ని బయోస్‌తో పెడితే (రెండూ మెషిన్‌ను లేపే వేర్వేరు పద్ధతులు) బూట్ కాకపోవచ్చు. స్నాప్‌షాట్లు ఉంటే మాత్రం ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా. సాధారణంగా స్నాప్‌షాట్ తీసిన క్షణం నుంచి మూల డిస్కు కదలకుండా ఉంటుంది. మార్పులన్నీ వేరే ఫైలులో పడతాయి. మూల డిస్కును విడిగా బూట్ చేస్తే ఎప్పటిదో పాత మెషిన్ లేస్తుంది. అది లేస్తూ లేస్తూనే డిస్కు మీద రాస్తుంది. తేడా ఫైలులో ఉన్నది మారిన ముక్కలు మాత్రమే. కింద పునాది కదిలాక వాటిని పేర్చినా డేటా అతకదు. వీఎంవేర్ అనే ప్రోగ్రాము అయితే మూల డిస్కు మారిందని పసిగట్టి, ఒకదానిమీద ఒకటి ఆధారపడిన ఆ ఫైళ్ల గొలుసును తెరవనంటుంది. లినక్స్‌లో వాడే క్యూకౌ2 డిస్కు ఫైళ్లకు ఆ జాగ్రత్త కూడా లేదు. అందుకే ఏ ఫైలు దేనిమీద ఆధారపడిందో క్యూఈఎంయూ-ఇమేజ్ సాధనంతో చూశాకే చేయి పెట్టండి.

అపోహ: వీఎంవేర్‌లో ఇన్వెంటరీ (మెషిన్ల జాబితా) నుంచి తీసేసినా, డిస్కు నుంచి తొలగించినా ఒకటే.

వాస్తవం: మొదటిదాన్ని అమరికలుండే వీఎంఎక్స్ ఫైలుతో మళ్లీ రిజిస్టర్ చేయవచ్చు. రెండోదానికి బ్యాకప్పే దిక్కు.

అపోహ: తేడా కనిపించగానే మెషిన్‌ను ఆపేయాలి.

వాస్తవం: లినక్స్‌లో మెషిన్లను నడిపే కేవీఎంలో తొందరపడి ఆపకండి. మెషిన్ నిర్వచనాన్ని (దాని అమరికలు రాసి ఉన్న ఫైలును) పొరపాటున తీసేసినా, నడుస్తున్న మెషిన్ అమరికలను వర్ష్ డంప్‌ఎక్స్‌ఎంఎల్ ఆదేశంతో రాయించుకోవచ్చు. డిస్కు ఫైలునే చెరిపేసినా, నడుస్తున్న ప్రాసెస్ దాన్ని పట్టుకుని ఉన్నంతవరకు నడుస్తున్న ప్రాసెస్‌ల వివరాలుండే ప్రాక్ డైరెక్టరీలో దారి తెరిచే ఉంటుంది. మెషిన్‌ను తాత్కాలికంగా పాజ్ చేసి అక్కడినుంచి కాపీ తీయవచ్చు. షట్‌డౌన్ చేశారా, ఆ దారి మూసుకుపోతుంది.