"వీడింతే మేడం" అనకముందు: పిల్లలకు తగిలించే పేర్ల గురించి అపోహలు - వాస్తవాలు

ఆదోని చుట్టుపక్కల సర్కారు బడుల్లో పద్దెనిమిదేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. కొత్త బడికి బదిలీ మీద పోయిన ప్రతిసారీ, పిల్లల పేర్లకన్నా ముందు వాళ్లకు తగిలించిన పేర్లే నా చెవిన పడ్డాయి. మొద్దు, మట్టిబుర్ర, డల్, వీక్, స్లో లర్నర్, సీ గ్రేడ్. "ఈ నలుగురి జోలికి పోవద్దు మేడం, మీ టైం వేస్ట్" అని చెప్పేవాళ్లు చెడ్డవాళ్లు కారు. నా మీద అభిమానంతోనే చెబుతారు. ఆ మాట నమ్మి నేను కూడా కొందరు పిల్లల్ని పోగొట్టుకున్నాను.

అపోహ: చదువు వచ్చేవాడు, రానివాడు చూస్తేనే తెలిసిపోతారు

మా పడమటి మండలాల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు సుగ్గికి, అంటే కూలి పనుల కోసం వలస పోతాయి. ఊళ్లో వానల మీద పంట, పంట పోతే పని లేదు. గుంటూరు వైపు మిరప కోతలకు మూటాముల్లె కట్టుకుని బయల్దేరతారు, వెంట పిల్లలు కూడా పోతారు. తిరిగి ఉగాదికి వస్తారు. అట్లా ఏటా పోయి వచ్చే ఒక ఐదో తరగతి పిల్లాడి పేరు పక్కన నేను పెన్సిల్‌తో 'వీక్' అని రాసుకున్నాను. గుణకారం రాదు, బోర్డు దగ్గరకు పిలిస్తే కదలడు. నాకు అంతకన్నా ఆధారం అవసరం అనిపించలేదు.

ఆ ఏడు సుగ్గి నుంచి తిరిగొచ్చిన కొత్తలో ఒకరోజు మధ్యాహ్న భోజనం అయ్యాక, వేళ్ల సందుల్లో మంట ఇంకా పోలేదని చేతులు కుళాయి కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఎన్ని కిలోలు కోసేవాళ్లు నాయనా అని అడిగాను. "అమ్మ ముప్పైనాలుగు, నాయన నలభై ఒకటి, నేను తొమ్మిది కోస్తి మేడం." కిలోకు ఎంత ఇచ్చేవాళ్లు అంటే, పన్నెండు రూపాయలు అన్నాడు. "అయితే ఆ రోజు మీకు ఎంత వచ్చినట్టు?" వాడు కుళాయి కట్టేసేలోపే చెప్పాడు: "వెయ్యీ ఎనిమిది." ఎట్లా లెక్కేశావు అంటే, "మొత్తం ఎనభై నాలుగు కిలోలు. ఎనభైకి తొమ్మిది నూర్ల అరవై, నాలుగుకు నలభై ఎనిమిది" అన్నాడు.

పలక ఇచ్చి అదే 84ను 12తో గుణించమన్నాను. రాలేదు. ఒకట్ల కింద ఏది రాయాలో, పదుల కింద ఏది రాయాలో తెలియదు. హాజరు పట్టీలు తిరగేస్తే, వరుసగా మూడేళ్లు డిసెంబరు నుంచి మార్చి దాకా ఎర్ర సిరా గీతలే. ఆ పాఠాలు జరిగిన నెలల్లో వాడు చేలో ఉన్నాడు. వాడికి రానిది గుణకారం కాదు, గుణకారాన్ని కాగితం మీద పెట్టే పద్ధతి. అది నేర్పడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. నేను రాసిన 'వీక్' ఆ పుస్తకంలో అప్పటికే ఎనిమిది నెలలుగా ఉంది.

(వలస పోయే ఇళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. టీచర్లకు నా మనవి: దీపావళి దాటగానే తల్లిదండ్రులతో మాట్లాడండి. మూటలు కట్టాక మాట్లాడితే లాభం లేదు.)

అపోహ: నోరు విప్పదు కాబట్టి బుర్ర లేదు

కౌతాళం, హొళగుంద, కోసిగి వైపు చాలా ఇళ్లల్లో కన్నడం మాట్లాడతారు. తండాల్లో లంబాడీ, పట్టణంలో ఉర్దూ. ఒకటో తరగతిలో ఒక పాపను అందరూ మూగదనే అనుకున్నారు. పిల్లి బొమ్మ చూపించి "ఇదేమిటమ్మా?" అంటే తల దించుకునేది. అదే బొమ్మ చూపించి నాకు వచ్చిన నాలుగు కన్నడం ముక్కల్లో "ఇదు ఏను?" అంటే, "బెక్కు" అంది, గది అంతా వినబడేట్టు. దీనికి ఇంకా వివరణ అక్కర్లేదు అనుకుంటాను.

అపోహ: మాటే కదా, పిల్లలు మరిచిపోతారు

మరిచిపోరు. పైగా ఆ మాట చేతి పనిని కూడా ఆపేస్తుంది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు కాగితం మీద చిక్కుదారుల బొమ్మలిచ్చి దారి కనుక్కోమన్నారు. 2004లో ఆ ఫలితాలు బయటపెట్టారు. ఎవరి కులమూ ఎత్తకుండా ఆడించినప్పుడు అగ్రకులాల పిల్లలు, దళిత పిల్లలు దాదాపు సమానంగా చేశారు. పేరుతోపాటు కులం కూడా అందరి ముందు చదివి వినిపించిన గదుల్లో దళిత పిల్లలు పూర్తిచేసిన చిక్కుదారులు దాదాపు ఐదో వంతు తగ్గిపోయాయి. పిల్లలు అవే ఊళ్ల వాళ్లు, బొమ్మలు అవే. తేడా అల్లా ఆ ఒక్క ప్రకటన.

ఇది చదివాక మా బడిలో స్కాలర్‌షిప్ కాగితాల కోసం క్లాసులో లేచి నిలబడమని కేటగిరీలవారీగా పిలవడం మానేయించాను. ఆ వివరాలు రిజిస్టర్‌లో ఉంటాయి, ఆఫీసు గదిలో కూర్చుని రాసుకోవచ్చు.

చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బెత్తంతో కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. రోజూ క్లాసు ముందు "దద్దమ్మా" అని పిలవడం ఏ కోవలోకి వస్తుందో మనకు తెలియంది కాదు.

అపోహ: టీచర్ నమ్మితే చాలు, ఎవరైనా ఫస్ట్ వస్తారు

ట్రైనింగుల్లో ఈ మాట బాగా వినబడుతుంది. దీని వెనక ఒక ప్రయోగం ఉంది. 1965లో కాలిఫోర్నియాలోని ఒక ప్రాథమిక బడిలో మనస్తత్వవేత్త రాబర్ట్ రోసెంతాల్, ఆ బడి ప్రిన్సిపాల్ లెనోర్ జాకబ్సన్ పిల్లలకు ఒక పరీక్ష పెట్టారు. "ఈ ఏడాది వీళ్లు బాగా పుంజుకుంటారు" అని కొందరి పేర్లు టీచర్లకు ఇచ్చారు. నిజానికి ఆ పేర్లు లాటరీ తీసినట్టు ఎంచినవి, ఐదుగురిలో ఒకరి చొప్పున. ఏడాది చివర ఆ పిల్లలు మిగతావాళ్లకన్నా ఎక్కువ మెరుగుపడ్డారు.

ఇంతవరకే చెప్పి ఆపేస్తారు. ఆ మెరుగుదల ముఖ్యంగా ఒకటి, రెండు తరగతుల్లోనే కనబడింది. పై తరగతుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ తర్వాత జరిగిన ఎన్నో పరిశోధనల్లో టీచర్ అంచనా ప్రభావం ఉంది కానీ చిన్నదేనని తేలింది. కాబట్టి నమ్మకం మంత్రదండం కాదు. నమ్మకం ఉన్న టీచర్ ఏం చేస్తుందో అదే పని చేస్తుంది: ప్రశ్న వేశాక ఇంకో పది సెకన్లు ఆగుతుంది, తప్పు చెబితే వేరే పిల్లను లేపకుండా అదే పిల్లకు చిన్న ఆధారం అందిస్తుంది, నోటుబుక్కులో టిక్కు పెట్టి వదలకుండా ఎక్కడ తప్పిందో రాస్తుంది. 'వీక్' అనుకున్న పిల్లలకు మనం ఈ మూడూ తెలియకుండానే తగ్గించేస్తాం. నేను తగ్గించాను.

అపోహ: మంచి పేరు పెడితే నష్టం లేదు

"మా టాపర్", "తెలివిగల పిల్ల" అనడం ముద్దుగానే ఉంటుంది. క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ అనే మనస్తత్వ పరిశోధకులు 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో ఐదో తరగతి పిల్లల్లో కొందరిని తెలివైనవాళ్లని, కొందరిని బాగా కష్టపడ్డారని పొగిడారు. తర్వాత కఠినమైన చిక్కుప్రశ్నలు ఇచ్చి ఓడిపోయేలా చేశారు. తెలివి పొగడ్త విన్నవాళ్లు తొందరగా చేతులెత్తేశారు, మళ్లీ సులువైనవి ఇచ్చినా వెనకబడ్డారు. తమ మార్కులు పెంచి చెప్పుకున్నవాళ్లూ వాళ్లలోనే ఎక్కువ. మా పదో తరగతిలో ఎప్పుడూ ఫస్ట్ వచ్చే అమ్మాయి, డౌట్ అడిగితే పరువు పోతుందని త్రికోణమితిలో మూడు వారాలు నోరు మెదపకపోవడం నేను చూశాను. ఆ టెన్షన్ ఆ పిల్లకు పెట్టింది మేమే.

అపోహ: పేర్లు వద్దంటే గ్రూపులూ వద్దు, డాక్టర్ సర్టిఫికెట్టూ వద్దు అన్నట్టే

కాదు, ఈ రెండూ వేరు. అక్షరం, పదం, పేరా, కథ: ఎవరు ఎక్కడిదాకా చదవగలరో చూసి ఆ మెట్టు నుంచి నేర్పే పద్ధతిని ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ దేశమంతటా పరిచయం చేసింది. నేనూ వాడుతున్నాను. అందులో గ్రూపు మారుతూ ఉంటుంది. పిల్లలు పదం నుంచి పేరాకు వచ్చిన రోజే ఆ గ్రూపు కూర్చునే చాప మీదకు మారతారు. జూన్‌లో వేసిన సీ గ్రేడ్ మార్చి దాకా మారకపోతే అది గ్రూపు కాదు, ముద్ర.

ఇక డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) లాంటివి. "మా పిల్లకు ఆ పేరు పెట్టొద్దు మేడం, రేపు పెళ్లి కావాలి" అని ఒక తల్లి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆమె భయం నాకు అర్థమైంది. కానీ 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో నేర్చుకోవడంలో వచ్చే ఇలాంటి ఇబ్బందులు కూడా ఉన్నాయి. ఆ కాగితం ఉంటే పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి సాయం అడగొచ్చు. "సోమరి" అన్న పేరు ఏ సాయమూ తేదు. "మీ పాపది సోమరితనం కాదమ్మా, అక్షరాలను వాటి శబ్దాలతో కలుపుకోవడం తనకు కష్టమవుతోంది" అని చెప్పి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉన్న భవిత కేంద్రానికి నేనే తోడుగా పోయాను. ఆ పేరు ఫైలులో ఉంటుంది. క్లాసులో ఎవరికీ చెప్పలేదు.

ఐదో తరగతి దాటి హైస్కూలుకు పోయే పిల్లల వెంట ఇప్పుడు నేను గ్రేడు రాసి పంపను. ఒక్కొక్కరికి మూడు వరుసలు రాస్తాను. సుగ్గి నుంచి వచ్చిన ఆ పిల్లాడికి రాసింది ఇది: "నోటి లెక్క చాలా చురుకు. రెండంకెల గుణకారం కాగితం మీద ఏప్రిల్ 9కి వచ్చింది, భాగహారం ఇంకా మొదలుపెట్టలేదు. డిసెంబరులో మళ్లీ పోతారు, అంతకుముందే భిన్నాలు మొదలుపెట్టండి."