పిన్ని రిపోర్టులో మూడు అంకెలు

"ఏరా, నాకు షుగర్ వచ్చినట్టా, రానట్టా?" అని పిన్ని ఫోన్ చేసింది. వాట్సాప్‌లో పంపిన రిపోర్టు పద్నాలుగు పేజీలుంది. పైన 'ఫంక్షనల్ హెల్త్ ప్యానెల్' అని పెద్ద పేరు. పరగడుపు షుగర్ 96, పచ్చ రంగులో. హెచ్‌బీఏ1సీ, అదే మనవాళ్లు మూడు నెలల షుగర్ అంటారే, అది 6.1, పసుపు రంగులో. ఆఖరి పేజీలో 'ఆక్సిడేటివ్ స్ట్రెస్: ఎక్కువ' అని ఎర్రగా ఉంది, దాని కిందే క్యాప్సూళ్ల ప్రకటన.

మధ్యలో ఎక్కడో హిమోగ్లోబిన్ 9.2 అని ఉంది. దాని గురించి పిన్ని అడగనే లేదు. ఆడవాళ్లకు రక్తం తక్కువంటే మన ఇళ్లలో ఎవరికీ వింతగా ఉండదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. నా కన్ను మాత్రం ముందు దాని మీదే పడింది.

ఎందుకంటే హెచ్‌బీఏ1సీ కొలిచేది ఆ హిమోగ్లోబిన్‌నే. పెనం మీద దోసె ఎర్రబడుతుంది చూడండి, అక్కడ చక్కెరకూ ప్రోటీన్‌కూ మధ్య జరిగే రసాయన చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త మయ్యార్ వివరించాడు. దాని తొలి అంచె మన ఒంట్లోనూ జరుగుతుంది, కాకపోతే ఒంటి వేడికి బహు నిదానంగా. రక్తంలోని గ్లూకోజ్ వెళ్లి హిమోగ్లోబిన్‌కు అతుక్కుంటుంది, మళ్లీ ఊడటం కష్టం. షుగర్ రోగుల రక్తంలో ఈ తేడా హిమోగ్లోబిన్‌ను 1960ల చివర్లో టెహ్రాన్‌లో శామ్యూల్ రహ్బర్ గుర్తించాడు. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి, ఎంత శాతం హిమోగ్లోబిన్‌కు చక్కెర పట్టిందో చూస్తే రెండు మూడు నెలల లెక్క తెలుస్తుంది. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కు ముందు మెట్టు, 6.5 నుంచి షుగర్ వ్యాధి.

అయితే ఐరన్ చాలనివాళ్లలో కొత్త కణాల పుట్టుక మందగించి, రక్తంలో పాత కణాల వాటా ఎక్కువవుతుంది. పాత కణానికి చక్కెర ఎక్కువ పట్టి ఉంటుంది. దాంతో షుగర్ పెరగకపోయినా అంకె కొంత పెరగొచ్చు. కణాలు ముందే చితికిపోయే జబ్బుల్లో, రక్తం బాగా పోయినప్పుడు, ఎక్కించుకున్నప్పుడు ఇది తిరగబడి, ఉన్న షుగర్ కూడా తక్కువగా కనిపిస్తుంది. అంటే పిన్ని 6.1ని ఉన్నదున్నట్టు నమ్మలేం.

అలాగని 96ను నమ్ముదామా? "రక్తం ఎక్కడ తీశారు పిన్నీ?" అన్నాను. ఇంటికే వచ్చారట. పొద్దున ఆరున్నరకు ఒకబ్బాయి బైకు మీద వచ్చి రెండు ట్యూబులు తీసుకున్నాడు. ఒకదానికి ఊదా మూత, ఇంకోదానికి పసుపు మూత. "ఇంకా పది ఇళ్లకు వెళ్లాలంట పాపం, కాఫీ ఇస్తానన్నా ఆగలేదు."

బూడిద రంగు మూత ట్యూబు లేదన్నమాట. గ్లూకోజ్ కోసం తీసే రక్తాన్ని మామూలుగా అందులోనే పోస్తారు, లోపల ఫ్లోరైడ్ ఉంటుంది. ఒంట్లోంచి బయటికి వచ్చినా రక్తకణాలు బతికే ఉంటాయి, ట్యూబులోని గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి. కణాలను వేరు చేయకుండా మామూలు వేడిలో ఉంచితే గంటకు 5 నుంచి 7 శాతం షుగర్ తరిగిపోతుంది. ఫ్లోరైడ్ ఆ తిండిని ఆపుతుంది, అదీ వెంటనే కాదు, గంటా రెండు గంటలు పడుతుంది. పసుపు మూత ట్యూబు మూడు గంటలు బైకు సంచిలో తిరిగి ఉంటే, 96 అని తేలిన రక్తం పిన్ని చేతిలోంచి వచ్చేటప్పుడు 110 దాటి ఉండొచ్చు. 100 నుంచే ప్రీడయాబెటిస్ అంటారు అమెరికా వాళ్లు.

పిన్నికి ఇవన్నీ చెబితే, "నేను సన్నగానే ఉంటాగా, నాకెందుకొస్తుంది?" అంది. మన దేశంలో సన్నదనాన్ని నమ్ముకోవడానికి లేదు. 2004లో పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ ఇద్దరూ పక్కపక్కన నిలబడిన ఫొటో ఒక వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తును బట్టి కట్టే బరువు లెక్క, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2.

ఇక ఎర్ర రంగు పేజీ. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటే ఆక్సీకరణ ఒత్తిడి, ఒంట్లో కణాలను పాడుచేసే దుడుకు అణువులు పెరిగిపోవడం. దానికీ షుగర్‌కూ ఉన్న సంబంధం ఉత్తుత్తిది కాదు. రక్తనాళాల లోపలి పొర కణాలు గ్లూకోజ్ ఎక్కువైనప్పుడు లోపలికి రాకుండా ఆపుకోలేవు. అదంతా కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాల్లో పడి, సూపరాక్సైడ్ అనే దుడుకు అణువులు మోతాదుకు మించి పుడతాయి. షుగర్ వల్ల కళ్లు, కిడ్నీలు, నరాలు దెబ్బతినడానికి ఇదే ఉమ్మడి మూలమని అమెరికా శాస్త్రవేత్త మైకేల్ బ్రౌన్లీ ప్రతిపాదించాడు.

చిక్కు కొలవడంలో వస్తుంది. ఆ అణువులు క్షణం నిలవవు, అవి చేసిన పాడును బట్టే అంచనా కట్టాలి. పిన్ని రిపోర్టులో ఉన్నది ఎండీఏ పరీక్ష. కొవ్వులు పాడైతే పుట్టే పదార్థాన్ని ఒక రసాయనంతో కలిపి, గులాబీ రంగు ఎంత ముదిరిందో చూస్తారు. నిలవ నూనె ఎంత చెడిందో తేల్చడానికీ ఇదే పద్ధతి. కానీ కొన్ని రకాల చక్కెరలు, బిలిరుబిన్ (కామెర్లలో ఒంటిని పచ్చబరిచే పదార్థం) వంటివి కూడా ఆ రసాయనంతో కలిసి లెక్క తప్పిస్తాయి. ఫలానా అంకె దాటితే ఫలానా వైద్యం అని అందరూ ఒప్పుకున్న హద్దు కూడా లేదు. ఇంతకన్నా నమ్మదగ్గది, కొవ్వులు పాడైతేనే పుట్టే ఐసోప్రోస్టేన్లు అనే పదార్థాల కొలత, పరిశోధనశాలల్లో ఉంది గానీ, దానికి యంత్రాలూ జాగ్రత్తలూ వేరు.

"మరి ఆ క్యాప్సూళ్లు వేసుకోనా? విటమిన్లేగా" అంది పిన్ని. 2009లో జర్మనీలో మైకేల్ రిస్టో బృందం కుర్రవాళ్ల చేత నాలుగు వారాలు వ్యాయామం చేయించింది. కొందరికి రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు. విటమిన్లు తీసుకోనివాళ్లలో ఇన్సులిన్ పనితనం మెరుగైంది, తీసుకున్నవాళ్లలో కాలేదు. కసరత్తు పుట్టించే కాస్తంత ఆక్సీకరణే కండకు 'బలపడు' అని చెప్పే కబురు అన్నమాట. మాత్ర ఆ కబురును మధ్యలోనే ఆపేసింది. పిన్ని రోజూ సాయంత్రం గుడి దాకా నడుస్తుంది. ఆ నడకను చెడగొట్టుకోవద్దన్నాను.

మన చేతిలో మిగిలింది పాత పరీక్షే. ఇంజన్ ఆపి ఉన్న బండిని చూసి ఘాట్ రోడ్డు ఎక్కుతుందో లేదో చెప్పలేం, ఎక్కించి చూడాలి. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు. 140 లోపుంటే సరే, 200 చేరితే షుగర్. అంతకుముందు మూడు రోజులు అన్నం మానకూడదు, ఆ రెండు గంటలూ తిరగకూడదు. ఈసారి రక్తం ల్యాబులోనే ఇమ్మన్నాను, బూడిద రంగు మూత చూసుకోమన్నాను.

పిన్ని వెళ్లింది. ఆ తీపి నీళ్లు గొంతు దిగక నిమ్మకాయ పిండించుకుని తాగిందట. పరగడుపున 109, రెండు గంటలకు 171. అంటే షుగర్ అనలేం, సరే అనీ అనలేం. డాక్టరు ముందు ఐరన్ మాత్రలు రాసి, రక్తం పట్టాక హెచ్‌బీఏ1సీ మళ్లీ చూద్దామన్నారు. మొన్న వెళ్లినప్పుడు చూశాను, క్యాప్సూళ్ల డబ్బా ఫ్రిజ్ మీదే ఉంది. ఎందుకైనా మంచిదని కొనేసిందట, సీలు మాత్రం ఇంకా తీయలేదు.