ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి ఎక్కడ మొదలైంది

బీటెక్ పూర్తిచేసిన అమ్మాయి ఉద్యోగంలో చేరడానికి ఒరిజినల్ మెమోలు అడిగితే, కాలేజీ అకౌంట్స్ సెక్షన్ నుంచి వచ్చే జవాబు తెలంగాణలోనూ ఆంధ్రలోనూ ఒకటే: "మీ ఆర్‌టీఎఫ్ పడలేదు. బకాయి కట్టి తీసుకెళ్లండి." ఆమె దరఖాస్తు మంజూరై ఏడాది దాటి ఉండవచ్చు. ఆర్‌టీఎఫ్ అంటే ఆమె తరఫున ప్రభుత్వం చెల్లించాల్సిన ట్యూషన్ ఫీజు. అర్హతలో లోపమేమీ లేదు. ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య తేలాల్సిన లెక్కకు ఆమె సర్టిఫికెట్లు తాకట్టులో ఉన్నాయి. ఈ పరిస్థితి ఎలా వచ్చిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ అంటే పదో తరగతి తర్వాతి చదువుకు ఇచ్చే సాయం. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు 1944 నుంచి ఉంది. ఇందులో రెండు ముక్కలు. ట్యూషన్ ఫీజు తిరిగి చెల్లించేది ఆర్‌టీఎఫ్, తిండికీ హాస్టల్‌కూ ఇచ్చేది ఎంటీఎఫ్. కేంద్ర పథకమైనా చాలా కాలం భారం ఎక్కువగా రాష్ట్రాల మీదే పడింది. పంచవర్ష ప్రణాళిక చివరి ఏడాదిలో ఎంత ఖర్చయిందో, తర్వాతి ప్రణాళికంతా అంత మొత్తాన్ని ఏటా రాష్ట్రమే భరించాలి. ఆ పైన అయిన ఖర్చే కేంద్రం ఇచ్చేది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం దీన్ని మార్చి, కేంద్రం 60, రాష్ట్రం 40 శాతంగా వాటాలు ఖరారు చేసింది. తన వాటాను విద్యార్థి ఖాతాలోనే వేస్తానంది. ఇది ఎస్సీ విద్యార్థుల మాట. బీసీ, ఈబీసీ (రిజర్వేషన్ లేని కులాల్లోని పేద) విద్యార్థుల ఫీజుల్లో దాదాపు మొత్తం రాష్ట్ర ఖజానా నుంచే రావాలి.

ఆ భారం ఒక్కసారిగా పెరిగింది 2008లో. అప్పటిదాకా బీసీ విద్యార్థుల స్కాలర్‌షిప్ బడ్జెట్ ఉన్నంత మేరకే. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం అర్హులందరికీ పూర్తి ఫీజు అని ప్రకటించింది, తర్వాత ఈబీసీలను కూడా చేర్చింది. కూలి పని చేసే ఇళ్ల నుంచి మొదటిసారి ఇంజినీర్లు, ఫార్మసిస్టులు వచ్చారు. ఈ పథకం చేసిన మేలును తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ అదే సమయంలో ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు 700 దాటాయి. చాలా కాలేజీలకు కన్వీనర్ కోటా, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నిండే సీట్ల ఫీజంటే ప్రభుత్వం ఇచ్చే ఫీజే. ఖజానా నుంచి రావడం ఆలస్యమైతే లెక్చరర్ల జీతం ఆగుతుంది. పరిమితులు వచ్చింది ఆ తర్వాతే: ఇంజినీరింగ్‌లో బీసీ, ఈబీసీలకు ఏడాదికి 35,000 రూపాయలు, ఎంసెట్‌లో 10,000 లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు. తెలంగాణలో కాలేజీ ఫీజు లక్ష ఉంటే మిగతా 65,000 తల్లిదండ్రుల జేబులోంచే పోవాలి. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే రోజున ఈ తేడా లెక్క చూసుకోని కుటుంబాలు ఇప్పటికీ చాలా ఉన్నాయి.

లక్షల దరఖాస్తులను కాగితాల మీద నడపలేక తెచ్చిందే ఈ-పాస్ అనే ఆన్‌లైన్ పోర్టల్. సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ తయారుచేసింది. దీనికి తాళంచెవి పదో తరగతి హాల్‌టికెట్ నంబరు. ఆ నంబరు, పాసైన సంవత్సరం కొడితే పేరు, పుట్టినతేదీ వాటంతట అవే వస్తాయి. ఒకే విద్యార్థి పేరు రెండు కాలేజీల్లో రాసుకునే పాత పద్ధతికి దీంతో కళ్లెం పడింది. నడక ఇలా ఉంటుంది: విద్యార్థి కులం, ఆదాయం ధ్రువపత్రాల మీసేవ నంబర్లు, బ్యాంకు ఖాతా నమోదు చేసి ప్రింటు తీసి కాలేజీలో ఇవ్వాలి. ప్రిన్సిపల్ లాగిన్‌లో పరిశీలన, వేలిముద్ర, జిల్లా సంక్షేమ శాఖ అధికారి మంజూరు, బిల్లు, ట్రెజరీ. అక్కడ బిల్లుకు టోకెన్ నంబరు పడుతుంది. కాలేజీలు ఏళ్ల తరబడి పట్టుకుని తిరిగేది ఈ టోకెన్లనే.

బండి నిజంగా ఆగేది ఈ మెట్టు దగ్గరే. సంక్షేమ శాఖకు బడ్జెట్ రిలీజ్ ఆర్డర్ వచ్చినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. బిల్లు ట్రెజరీకి చేరాక ఆర్థిక శాఖ నగదు వదలాలి. పైగా క్యాలెండర్లు కలవవు. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ఆగస్టు, సెప్టెంబరు దాకా సాగుతుంది, పరిశీలన ముగిసేసరికి సంక్రాంతి దాటుతుంది. బిల్లులు ట్రెజరీకి చేరేది ఫిబ్రవరి, మార్చిల్లో. అప్పటికి అన్ని శాఖల బిల్లులూ అక్కడే గుట్టపడి ఉంటాయి. మార్చి 31 దాటితే ఆ ఏటి కేటాయింపు మురిగిపోతుంది, కొత్త ఆర్డర్ కావాలి. ఈ ఏటి డబ్బుతో పోయినేటి బకాయి తీరుస్తారు, ఈ ఏటిది వచ్చే ఏటికి మిగులుతుంది.

రాష్ట్రం విడిపోయాక మార్పులన్నీ ట్రెజరీ దగ్గర కాకుండా వేరే చోట జరిగాయి. తెలంగాణ 2014 జులైలో ఫాస్ట్ అనే పథకం తెచ్చి, కుటుంబం 1956 నాటికే తెలంగాణలో ఉండాలన్న స్థానికతను ప్రాతిపదిక చేసింది. హైకోర్టు ప్రశ్నించాక ఉపసంహరించుకుంది. ఆ తకరారులో ఒక విద్యా సంవత్సరం చెల్లింపులు వెనకపడ్డాయి. ఆంధ్రప్రదేశ్ జ్ఞానభూమి పోర్టల్ తెచ్చింది. తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ విద్యాదీవెన పేరుతో వచ్చింది, ఆదాయ పరిమితి రెండున్నర లక్షలైంది. 2021 ఏప్రిల్ నుంచి మూడు నెలలకోసారి ఫీజును తల్లి ఖాతాలో వేశారు. ఆ సొమ్మును ఆమె వారం, పది రోజుల్లో కాలేజీకి కట్టాలి. తల్లి కాలేజీకి వచ్చి ప్రశ్నించగలదన్నది ఉద్దేశం. అది మంచి ఉద్దేశమే. కానీ విడత ఆలస్యమైతే, అంతకుముందు ప్రభుత్వాన్ని అడిగిన కాలేజీ ఇప్పుడు తల్లిని అడగడం మొదలుపెట్టింది. 2021 సెప్టెంబరులో హైకోర్టు సింగిల్ జడ్జి తల్లి ఖాతాలో వేయాలన్న జీవోను తప్పుపట్టినా పద్ధతి కొనసాగింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీ ఖాతాలకే వేయాలని నిర్ణయించారు. ఈ మధ్యలో, 2020 డిసెంబరు నాటి జీవో 77తో ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులకు ఫీజు చెల్లింపే ఆగిపోయింది. డబ్బు ఎవరి ఖాతాలో పడాలన్న దాని మీద ఇన్ని నిర్ణయాలు జరిగాయి. ట్రెజరీ నుంచి ఏ తేదీకి కదలాలన్న దాన్ని ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. తెలంగాణలో 2025 నవంబరు మొదట్లో ప్రైవేటు కాలేజీలు తలుపులు మూసి బంద్‌కు దిగింది ఈ బకాయిల కోసమే.

ట్రెజరీ ఆలస్యం విద్యార్థి చేతిలో లేదు. ముందు మెట్లలో జరిగే తప్పులు మాత్రం చాలావరకు తప్పించుకోగలిగినవే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంటే వేలిముద్ర దశలో దరఖాస్తు ఆగుతుంది. మెమో దిద్దించడం నెలల పని, ఆధార్‌ను మెమోకు తగ్గట్టు మార్చుకోవడం తేలిక. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. అక్క పాత పాస్‌బుక్ చూసి తమ్ముడి ఫారంలో పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ రాస్తే ఎంటీఎఫ్ వెనక్కి పోతుంది. రెండేళ్లు లావాదేవీ లేని ఖాతాను బ్యాంకు నిలిపివేస్తుంది. ఆధార్ ఆధారంగా వేసే సొమ్ము ఫారంలో రాసిన ఖాతాకు కాకుండా, చివరిసారి ఆధార్‌కు అనుసంధానించిన ఖాతాకు పోతుంది. కాబట్టి "పడలేదు" అనుకునే ముందు ఇంట్లో ఉన్న ఇతర పాస్‌బుక్కులు కూడా ఎంట్రీ వేయించి చూడాలి. హాజరు 75 శాతానికి తగ్గితే ప్రిన్సిపల్ లాగిన్‌లోనే ఆగిపోతుంది. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు ఈ పథకం వర్తించదు. సీటు ఏ కోటా కిందదో అలాట్‌మెంట్ ఆర్డర్ మీదే చూసుకోవాలి.

సర్టిఫికెట్ల విషయానికొస్తే, ఒరిజినల్స్ కాలేజీ అట్టిపెట్టుకోకూడదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే స్పష్టంగా చెప్పింది. అయినా వీసాకో ఉద్యోగానికో గడువు ముంచుకొస్తే తల్లిదండ్రులు అప్పు చేసి కట్టేస్తున్నారు. అలా కట్టాల్సి వస్తే రసీదు మీద "ఫీజు" అని మాత్రమే రాయించుకోకండి. ఏ విద్యా సంవత్సరం ఆర్‌టీఎఫ్ బదులు ఎంత కట్టారో, దరఖాస్తు నంబరుతో సహా రాయించి కాలేజీ ముద్ర వేయించండి. ఆ ఏటి బిల్లు ఎప్పుడో పాసై సొమ్ము కాలేజీ ఖాతాలో పడిన రోజున, తిరిగి ఇవ్వమని అడగడానికి మీ చేతిలో ఉండే ఆధారం ఆ కాగితమే.