దిద్దడం వేరు, రాయడం వేరు: చేతిరాత చర్చ వెనక రెండు వందల ఏళ్ల కథ

1823 ఆగస్టులో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. ఏ జిల్లాలో బడులెన్ని, చదివేవాళ్లు ఎందరు అని గవర్నర్ థామస్ మన్రో అంతకు ముందు ఏడాది అడిగిన ప్రశ్నకు అది జవాబు. జిల్లాలో 533 బడులు. అందులో కన్నడానివి 235, తెలుగువి 226. మొత్తం పిల్లలు 6,641 మంది. లెక్కల సంగతి అలా ఉంచితే, ఇక్కడి పిల్లవాడు అక్షరాలను యూరప్‌లోలాగా పలికి నేర్చుకోడని, నేల మీద ఇసుకలో వేలితో రాసి నేర్చుకుంటాడని ఆయన ప్రత్యేకంగా రాశాడు. తెల్లదొరకు అది వింతగా తోచింది. మనకు వింత కాదు. ఇప్పటికీ బాసరలో అక్షరాభ్యాసం రోజున పళ్లెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలు పట్టుకుని రాయిస్తూనే ఉన్నాం.

"చేత్తో రాస్తే మెదడు చురుగ్గా పనిచేస్తుంది" అన్న వార్త ఇప్పుడు ఏటా ఒకటి రెండుసార్లయినా వస్తుంది. వార్త తప్పు కాదు. కాకపోతే మేలు సరిగ్గా ఎక్కడుందో అది చెప్పదు. పెన్నులో, కాగితంలో లేదది. అక్షరం ఆకారాన్ని మతికి తెచ్చుకుని, గీత తర్వాత గీతగా చెయ్యి కట్టుకొస్తుందే, అక్కడుంది. ఈ తేడా పట్టుకోకపోతే నాలుగు పేజీల ఇంపోజిషన్ రాయించి మెదడుకు మేత వేశామని సంతోషపడతాం.

ఇసుకలో చెయ్యి తిరిగాకే మిగతా సరంజామా. తాటాకు మీద గంటం, కాగితం మీద రెల్లు కలం, కాదంటే చెక్కపలక మీదో కడితం మీదో బలపం. చెక్కపలక అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు ఉండేదని, నున్నగా చిత్రిక పట్టాక కాస్త అన్నం, బొగ్గుపొడి పూస్తే రాతకు సిద్ధమయ్యేదని క్యాంప్‌బెల్ వివరంగా రాశాడు. కడితం గుడ్డతో చేసేవారు. గంజి పెట్టి బిరుసెక్కించి, పుస్తకంలా మడతలు వేసి, బొగ్గూ బంకలూ కలిపి పట్టించేవారు. రెండింటి మీదా రాసింది తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. అసలు కిటుకు ఈ తుడవడంలోనే ఉంది. తుడిచాక కళ్ల ముందు నమూనా ఉండదు. తర్వాతి అక్షరం తలలోంచి రావాల్సిందే. తర్వాతి కాలపు మార్కాపురం రాతిపలకదీ అదే గుణం.

తాటాకుది ఇంకా గట్టి పరీక్ష. గంటంతో గీసినప్పుడు ఆకు మీద సన్నని గాటు పడుతుందంతే. మసి రుద్దితేగానీ అక్షరం నల్లగా తేలదు. రాస్తున్నంతసేపూ కంటికి సరిగా ఆనని దాన్ని చెయ్యి తప్పు లేకుండా గీయాలి. అంటే ఆ అక్షరం కంటికన్నా ముందు వేళ్లకు వచ్చి ఉండాలి.

ఈ ఇసుక రాత ఇంగ్లండు దాకా వెళ్లింది. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతగురువు పర్యవేక్షకుడయ్యాడు. "మలబారు" పిల్లలు ఇసుకలో వేళ్లతో అక్షరాలు రాయడం ఒకసారి చూశాడు. అప్పటి మద్రాసు దొరలు తమిళులనే మలబారులనేవారు. తన ఆశ్రమంలోనూ అలాగే నేర్పమంటే అక్కడి పంతుళ్లు కుదరదన్నారు. బెల్ ఊరుకోలేదు. జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల కుర్రాడికి ఆ తరగతి అప్పగించాడు, పని జరిగిపోయింది. 1797లో బెల్ దీన్ని లండన్‌లో అచ్చు వేయించాక "మద్రాసు పద్ధతి" అన్న పేరుతో బ్రిటన్ బడుల్లో పాకింది. అయితే అక్కడివాళ్లను ఆకర్షించింది పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పడం, దానివల్ల జీతాల ఖర్చు తగ్గడం. ఇసుకను చవక పలకగానే చూశారు. వేలికీ అక్షరానికీ ఉన్న లంకె మీద ఎవరి దృష్టీ పడలేదు.

ఆ లంకెను మెదడులో వెతకడం వైద్యుల వైపు నుంచి మొదలైంది. 1881లో వియన్నాకు చెందిన జిగ్మంట్ ఎక్స్‌నర్, మెదడు దెబ్బతిన్న రోగుల వివరాలు పోల్చి చూసి, రాతకు మెదడు ఎడమవైపు ముందుభాగంలో ప్రత్యేకంగా ఒక చోటు ఉందన్నాడు. ఆ చోటును ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. అది ఒక్క రాతకే పరిమితమా అన్న వాదన మాత్రం తెగలేదు.

ఆరోగ్యంగా ఉన్న పిల్లల మీద పరీక్షలు చాలా ఆలస్యంగా వచ్చాయి. ఫ్రాన్స్‌లో మారీకె లాంగ్‌కాం బృందం 2005లో మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్లో కొందరికి చేత్తో రాయించి, కొందరికి కీబోర్డు నొక్కించి అక్షరాలు నేర్పింది. వాళ్లలో కాస్త పెద్దపిల్లల విషయంలో, చేత్తో రాసినవాళ్లే అక్షరాలను బాగా గుర్తుపట్టారు. తర్వాత పెద్దవాళ్లతో చేసిన పరీక్షకు ఆ బృందం వాడిన కొత్త ఆకారాలు బెంగాలీ, గుజరాతీ లిపుల ఆధారంగా తయారుచేసినవి. ఫ్రెంచివాళ్లకు అవి వట్టి గీతలే. అసలు ఆకారం ఏది, అద్దంలో తిరగబడ్డది ఏది అని అడిగితే, చేత్తో రాసి నేర్చుకున్నవాళ్లకు ఎక్కువకాలం గుర్తుంది. గీత ఎటు మొదలై ఎటు తిరిగిందో చెయ్యి చేసిన పని కాబట్టి అది కుడి ఎడమలు మరచిపోదు.

అన్నిటికన్నా మనకు దగ్గరగా తగిలేది 2012 నాటి ఇండియానా విశ్వవిద్యాలయం పరీక్ష. కరిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ ఇంకా చదవడం రాని ఐదేళ్ల పిల్లలను తీసుకున్నారు. కొన్ని అక్షరాలు సొంతంగా రాయించారు, కొన్ని చుక్కల మీద దిద్దించారు, కొన్ని కీబోర్డు మీద నొక్కించారు. తర్వాత స్కానర్‌లో పడుకోబెట్టి అవే అక్షరాలు చూపించారు. పెద్దవాళ్లలో చదివేటప్పుడు పనిచేసే భాగాలు, సొంతంగా రాసిన అక్షరాలను చూసినప్పుడు మేల్కొన్నాయి. నొక్కినవాటికి అలా కాలేదు. దిద్దినవాటికీ ఆ స్థాయిలో కాలేదు. పరిశోధకులు చెప్పే కారణం ఇది: పిల్లవాడు సొంతంగా రాస్తే అక్షరం ప్రతిసారీ ఒక్కోలా వస్తుంది, ఒకసారి పొట్ట ఉబ్బి, ఇంకోసారి తోక సాగి. ఇన్ని వంకర్లు చూశాకే వాటన్నిటిలో మారకుండా ఉన్నదేదో మెదడుకు తెలుస్తుంది. దిద్దినప్పుడు ఆ వంకర్లకు చోటే లేదు. చిన్న పరీక్షే, పిల్లలూ కొద్దిమందే. అయినా పేజీల నిండా చుక్కల అక్షరాలు పరిచే పుస్తకాలు కొనే ముందు దాన్ని తలచుకోవడం మంచిది.

దిద్దడం దండగని కాదు. గీత దారి చెప్పడానికి రెండు మూడుసార్లు దిద్దిస్తే చాలు. ఆ తర్వాత నమూనాను మూసేయాలి. ఐదారుసార్లు చూడకుండా రాయించి, అప్పుడు తెరిచి, తప్పెక్కడో పిల్లవాడినే పట్టుకోమనాలి. మర్నాడు ముందుగా నిన్నటి అక్షరాన్ని ఏమీ చూపించకుండా అడగాలి. ఐదేళ్లవాళ్లకు ఒక విడతకు పది పదిహేను నిమిషాలు మించితే వేళ్లు అలిసి పట్టు మారిపోతుంది, అక్కడి నుంచి రాసేదంతా తప్పు అలవాటే. పెన్సిల్‌ను మొన మీదకు జారి పట్టుకున్నా, బొటనవేలు చూపుడువేలి మీదుగా చుట్టుకున్నా మణికట్టు బిగుసుకుపోతుంది. రెండు మూడు సెంటీమీటర్లు పైకి పట్టించాలి. అరిగిపోయిన బలపం ముక్కలు పారేయకండి. పొట్టి ముక్కను పిడికిలితో పట్టుకోవడం కుదరదు, వేళ్ల కొసలే పనిచేయాలి.

పలక పోయి కాపీరైటింగ్ పుస్తకం వచ్చినప్పుడు పోయిందేమిటో ఆ పేజీ చూస్తేనే తెలుస్తుంది. పైన అచ్చు వరుస, దాని కింద పిల్లవాడి మొదటి వరుస చక్కగా ఉంటుంది. రెండో వరుస రాసేటప్పుడు చూసేది అచ్చును కాదు, తను రాసిన వరుసను. అలా ఒక వరుస తప్పు కింది వరుసకు దిగుతూ, అడుగుకు వచ్చేసరికి అక్షరం రూపే మారిపోతుంది. ఇంపోజిషన్ ఇంకా ఘోరం. "అమ్మ" ఇరవైసార్లు రాయమంటే తెలివైన పిల్లలు ముందు "అ" నిలువుగా ఇరవై పెట్టేస్తారు, తర్వాత "మ" ఇరవై, చివర ఒత్తులు. చెయ్యి కదిలింది, మాట మాత్రం ఒక్కసారీ రాయలేదు. పాతకాలం పంతుళ్లు చూచిరాతకూ ఉక్తలేఖనానికీ విడివిడిగా సమయం ఇవ్వడంలో అర్థముంది. విని రాసేటప్పుడు చూసి దించడానికి ఏమీ ఉండదు.

తెలుగు లిపికి ఈ పని మరీ అవసరం. ప, వ చూడండి. ఒకదానికి తలకట్టు ఒంటికి అంటదు, రెండోదానికి అంటుతుంది. చదివేవాడి కంటికి వెంట్రుకవాసి తేడా. రాసేవాడికి మాత్రం చెయ్యి ఎత్తి పెట్టడమా, ఎత్తకుండా కలపడమా అన్న తేడా. ద కింద గీత పెడితే ధ, దాని కడుపులో చుక్క పెడితే థ. "అర్థం", "అర్ధరాత్రి" కలగాపులగం కావడానికి ఉచ్చారణ కొంత కారణమైతే, ఆ చుక్కను చేత్తో పెట్టే అలవాటు తప్పడం ఇంకొంత కారణం. "స్త్రీ" రాయాలంటే స మీద గుడిదీర్ఘం, కింద త ఒత్తు, దాని పక్కన క్రావడి, మూడూ వాటి చోట్లలో పడాలి. ఫోన్‌లో అయితే ఇంగ్లిషు అక్షరాలు నాలుగైదు కొట్టి, వచ్చినవాటిలో ఒకటి ఎంచుకుంటాం. చెయ్యి తెలుగు అక్షరం జోలికే వెళ్లలేదు.

ఈ చిక్కు చైనాలో ముందే వచ్చింది. అక్కడి పిల్లలు చైనా లిపిని రోమన్ అక్షరాల్లో కొట్టి ఎంచుకుంటారు, దాన్ని పిన్యిన్ అంటారు. మూడు నుంచి ఐదో తరగతి పిల్లల మీద 2013లో వచ్చిన అధ్యయనంలో, ఇంట్లో పిన్యిన్ ఎక్కువసేపు కొట్టేవాళ్ల చదువు మార్కులు తక్కువగా, చేత్తో ఎక్కువ రాసేవాళ్లవి మెరుగ్గా ఉన్నాయి. ఇది రెండింటికీ పొంతన చూపిందే తప్ప, ఒకటి రెండోదానికి కారణమని రుజువు చేయలేదు. పైగా వేలకొద్దీ గుర్తుల లిపికీ మన గుణింతాల లిపికీ పోలిక కొంతవరకే. అయినా ఆ దారిలోనే మనమూ ఉన్నాం.

పెద్దవాళ్ల నోట్సు విషయంలో మాత్రం ప్రచారం పరిశోధనను దాటిపోయింది. 2014లో పామ్ ముల్లర్, డానియల్ ఓపెన్‌హైమర్ చేసిన పరీక్షలు అందరి నోటా నానాయి. లాప్‌టాప్‌లో రాసుకున్న విద్యార్థులు ఎక్కువ మాటలు ఎక్కించుకున్నారు, అదీ విన్నది విన్నట్టు. చేత్తో రాసినవాళ్లు అందుకోలేక కుదించి రాశారు, ఆలోచించి చెప్పాల్సిన ప్రశ్నల్లో వాళ్లదే పైచేయి. ఆ తర్వాత 2019లో, 2021లో వేరే బృందాలు మళ్లీ చేసి చూశాయి. 2021 నాటి పరీక్షలోనూ లాప్‌టాప్ వాళ్లు విన్నది విన్నట్టు ఎక్కించుకోవడం కనిపించింది, మార్కుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కుదించి రాయడం మేలైతే కావచ్చు, చేతికి దాని ఘనత మొత్తం కట్టబెట్టలేం. మాస్టారు చెప్పింది అక్షరం పొల్లుపోకుండా దించుకునే ఇంటర్ నోట్సు చేతిరాతే, అందులో కుదింపు ఎక్కడుంది?

2024 జనవరిలో నార్వే నుంచి వచ్చిన అధ్యయనాన్నీ ఇలాగే చూడాలి. 36 మంది విద్యార్థుల తలకు 256 సెన్సర్ల టోపీ పెట్టి, చేత్తో రాసేటప్పుడు మెదడు భాగాల మధ్య అల్లిక ఎక్కువగా ఉందని తేల్చారు. టైపు చేసేటప్పుడు మాత్రం వాళ్లే ఒక్క చూపుడువేలితోనే కొట్టారు, అలా ఎవరు కొడతారు? పైగా ఏదీ నేర్పలేదు, ఎంత గుర్తుందో పరీక్షించలేదు.

2010 నాటి బడి చదువుల ఉమ్మడి ప్రమాణాల్లోంచి అమెరికా కలిపిరాతను (కర్సివ్) వదిలేయడం, ఫిన్లండ్ 2016 నుంచి దాన్ని తప్పనిసరి కాదనడం, కాలిఫోర్నియా 2024 నుంచి మళ్లీ తేవడం, అన్నీ ఈ గొడవలో భాగమే. కలిపిరాతా విడిరాతా అన్నది వాళ్ల తగువు, తెలుగు బడుల్లో ఆ విభజన లేదు.

నార్వే పరీక్షలో విద్యార్థులు రాసింది కాగితం మీద కాదు, డిజిటల్ పెన్నుతో తెర మీద. కాబట్టి తెర దానంతటది శత్రువు కాదు. చిక్కు నునుపుతో. టాబ్లెట్ మీద ప్లాస్టిక్ మొనతో రాయిస్తే అక్షరాలు పెద్దవై, పోల్చుకోవడం కష్టమైందని 2015లో ఆలమార్గో, మోరాన్ గమనించారు. రెండో తరగతి పిల్లలు మధ్యలో ఎక్కువసేపు ఆగారు. తొమ్మిదో తరగతివాళ్లు వేగం, ఒత్తిడి పెంచి సర్దుకున్నారు. కాగితం గరుకు చెప్పే కబురు గాజు చెప్పదు కనుక, చిన్న చెయ్యి ఎక్కడ ఆపాలో తెలియక తడబడింది. టాబ్లెట్ మీదే నేర్పించాల్సి వస్తే గరుకు పొర అంటించి, దిద్దే బొమ్మ రెండుసార్ల తర్వాత మాయమయ్యేలా పెట్టి, ఖాళీ తెర మీద రాయించాలి. ఇసుక చేసిన పని అదే.