ఆ ‘ఎస్ – నో’ పెట్టె ఎందుకొచ్చింది, తీసేస్తే ఏమవుతుంది

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ సిస్టమ్‌ను ఫార్మాట్ చేయించి ఇంటికి తెచ్చుకున్నాక ఒక సంగతి చూసుకోవాలి. కొత్త సాఫ్ట్‌వేర్ వేసేటప్పుడు స్క్రీన్ మసకబారి, ఈ యాప్‌ను మార్పులు చేయనివ్వాలా అని అడిగే పెట్టె వస్తోందా, లేదా? రావడం లేదంటే విండోస్ వేసినవాళ్లే దాన్ని ఆపి ఇచ్చి ఉంటారు. కస్టమర్ ప్రతిదానికీ ఫోన్ చేయకుండా ఉండాలంటే షాపు వాళ్లకు అదే సులువు. కొన్ని ఇళ్లలో వాళ్లే ఆపేసుకుంటారు: ‘సిస్టమ్ మనది, వాడేది మనం, మళ్లీ మనల్నే అడగడమేంటి?’ 2007లో ఈ వాదనకు చాలా బలముండేది. ఇప్పుడు అంత లేదు.

ఆ పెట్టె పేరు యూజర్ అకౌంట్ కంట్రోల్, పొట్టిగా యూఏసీ. అది రాకముందు పరిస్థితి వేరు. విండోస్ 95, 98లలో మామూలు వాడుకరి, సిస్టమ్‌లో ఏదైనా మార్చగల అడ్మినిస్ట్రేటర్ అనే తేడాయే లేదు. 2001లో వచ్చిన ఎక్స్‌పీలో తేడా ఉన్నా, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పెట్టుకునే ఖాతా నేరుగా అడ్మినిస్ట్రేటర్ అయిపోయేది. యూనిక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్లు అన్ని అధికారాలూ ఉండే రూట్ ఖాతాను మొదటినుంచీ విడిగా ఉంచి, అవసరమైనప్పుడే దానిలోకి వెళ్లేవారు. విండోస్‌కు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు ఆ అలవాటు పడలేదు. సెట్టింగులు, డేటా, లాగ్ ఫైళ్లు అన్నీ తెచ్చి ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోనే రాసేవారు. అధికారాలు తక్కువున్న లిమిటెడ్ ఖాతాలో కూర్చుంటే గేమ్‌లు, అకౌంటింగ్ ప్యాకేజీలు మొరాయించేవి. దాంతో అందరూ అడ్మినిస్ట్రేటర్లే. బ్రౌజర్ గుండా దూరిన ప్రతి స్పైవేర్‌కూ అదే అధికారం దక్కేది.

2007 జనవరి 30న ఇళ్లకు విండోస్ విస్టా వచ్చింది, యూఏసీ దానితోనే వచ్చింది. అందులో అడ్మినిస్ట్రేటర్ లాగిన్ అయినా విండోస్ రెండు టోకెన్లు, అంటే ఏమేం చేయవచ్చో చెప్పే అనుమతి చీటీలు, తయారుచేస్తుంది. ఒకటి అధికారాలు తీసేసినది, రెండోది పూర్తి అధికారాలున్నది. రోజువారీ పనంతా మొదటిదానితో సాగుతుంది. రెండోది కావాలంటేనే పెట్టె వస్తుంది. స్క్రీన్ మసకబారడం అలంకారం కాదు. ఆ క్షణాన విండోస్ వేరే డెస్క్‌టాప్‌కు మారుతుంది. మన డెస్క్‌టాప్ మీద నడుస్తున్న ప్రోగ్రామ్ ఏదీ అక్కడికి మౌస్ క్లిక్ గానీ, కీ గానీ పంపలేదు. అంటే ‘ఎస్’ నొక్కింది మనిషే.

ఆలోచన బాగుంది, అనుభవం ఘోరం. పాత అలవాటుతో రాసిన ప్రోగ్రామ్ ప్రతిదీ పెట్టె తెప్పించేది. దీన్ని వినియోగదారులను విసిగించడానికే పెట్టామని మైక్రోసాఫ్ట్ మేనేజర్ డేవిడ్ క్రాస్ 2008 ఏప్రిల్‌లో ఆర్‌ఎస్‌ఏ అనే కంప్యూటర్ భద్రతా సదస్సులో ఒప్పుకున్నారు. వినడానికి విడ్డూరంగా ఉన్నా లెక్క సరైనదే: జనం విసుగు సాఫ్ట్‌వేర్ కంపెనీల మీదకు మళ్లితే వాళ్లు తమ కోడ్ సరిచేసుకుంటారని. సరిచేసుకున్నారు కూడా. పెట్టె తెప్పించే ప్రోగ్రాములు, పనుల సంఖ్య ఒక్క ఏడాదిలో సుమారు 7.75 లక్షల నుంచి 1.68 లక్షలకు పడిపోయిందని మైక్రోసాఫ్టే ప్రకటించింది. కాకపోతే ఈలోగానే ‘ముందు యూఏసీ ఆపెయ్’ అన్న సలహా ఊరూరా పాకిపోయింది. కారణం తీరిపోయినా సలహా మిగిలింది.

2009లో విండోస్ 7 నాలుగు మెట్ల స్లైడర్ తెచ్చింది. పై మెట్టులో అన్నిటికీ అడుగుతుంది. రెండోది డిఫాల్ట్, అందులో విండోస్ సొంత సెట్టింగులు మనం మారిస్తే అడగదు. మూడోది అంతే, స్క్రీన్ మాత్రం మసకబారదు. అడుగు మెట్టులో అసలు అడగదు. ఈ డిఫాల్ట్ ఒక రాజీ. విండోస్ సొంత భాగాలు కొన్ని అడగకుండానే అధికారం తెచ్చుకుంటాయి కాబట్టి, వాటిని అడ్డం పెట్టుకొని పెట్టె రాకుండా జారుకునే మార్గాలు త్వరలోనే బయటపడ్డాయి. ఇలాంటివి చాలావరకు పై మెట్టులో పనిచేయవు. యూఏసీని దాటడం కుదరని భద్రతా సరిహద్దుగా లెక్కించబోమని మైక్రోసాఫ్ట్ కూడా అంటూ వచ్చింది.

విండోస్ 8 నుంచి స్లైడర్‌ను అట్టడుగుకు లాగినా యూఏసీ పూర్తిగా ఆగదు. పెట్టె మాత్రం రాదు, అడిగిన ప్రోగ్రామ్‌కు అధికారం నిశ్శబ్దంగా దొరుకుతుంది. పూర్తిగా ఆగాలంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఎనేబుల్‌ ఎల్‌యూఏ (EnableLUA) విలువను 0 చేసి రీస్టార్ట్ చేయాలి. కొందరు అదీ చేస్తారు. ఆనక మైక్రోసాఫ్ట్ స్టోర్ యాప్‌లు తెరుచుకోకపోతే విండోస్ పాడైందనుకొని మళ్లీ ఫార్మాట్‌కు ఇస్తారు.

అంతకంటే ఖరీదైన ఇబ్బంది డేటాది. యూఏసీ ఉన్నప్పుడు పాత 32 బిట్ ప్రోగ్రామ్ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయబోతే, విండోస్ ఆ రాతను గుట్టుగా మన యూజర్ ఫోల్డర్‌లోని యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్‌లోకి మళ్లిస్తుంది. యూఏసీని పూర్తిగా ఆపారో, ఆ ప్రోగ్రామ్‌ను రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచారో, అది అసలు ఫోల్డర్‌లోని పాత ఫైలును చదువుతుంది. నిన్నటిదాకా ఉన్న లెక్కలు కనిపించవు. వైరస్ తినేసిందని గాభరాపడనక్కర్లేదు. వర్చువల్‌స్టోర్‌లో వెతికితే ఫైల్ అక్కడే ఉంటుంది. రెండుచోట్ల ఉన్నవాటినీ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసి దాచుకున్నాకే దేన్నైనా మార్చాలి.

రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌కు ఇంకో రెండు చిక్కులున్నాయి. పెళ్లిపత్రికలు, కరపత్రాలు చేసేవాళ్లు పేజ్‌మేకర్ 7ను అను ఫాంట్స్‌తో అలా తెరిచి, ఫోల్డర్‌లోంచి ఫొటో లాగి పడేస్తే పడదు. తక్కువ అధికారమున్న ఎక్స్‌ప్లోరర్ (ఫోల్డర్లు చూపే ప్రోగ్రామ్) నుంచి ఎక్కువ అధికారమున్న ప్రోగ్రామ్‌లోకి లాగడాన్ని విండోస్ ఒప్పుకోదు. పేజ్‌మేకర్‌లోని ప్లేస్ కమాండ్ వాడాల్సిందే. అలాగే నెట్‌వర్క్ డ్రైవ్‌ను జెడ్ అని మ్యాప్ చేసుకుంటే ఆ ప్రోగ్రామ్‌కు అది కనిపించదు. లాగిన్ వేరుగా లెక్క కాబట్టి పూర్తి నెట్‌వర్క్ పాత్ ఇవ్వాలి.

ఒక్క పాత ప్రోగ్రామ్ కోసం పెట్టెనే ఆపడం దండగ. దాని ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, ఎడిట్‌లోకి వెళ్లి యూజర్స్‌కు మాడిఫై అనుమతి ఇస్తే చాలాసార్లు సరిపోతుంది. లేదా సీ డ్రైవ్‌లో నేరుగా ఒక ఫోల్డర్ చేసి అందులో ఇన్‌స్టాల్ చేయవచ్చు. టాస్క్ షెడ్యూలర్‌లో రన్ విత్ హయ్యెస్ట్ ప్రివిలేజెస్ పెట్టి పెట్టె రాకుండా తెరిచే చిట్కా కూడా ఉంది. కానీ ఆ ప్రోగ్రామ్ ఎవరైనా రాయగల ఫోల్డర్‌లో ఉంటే, వైరస్ దాని స్థానంలో తన ఫైల్ పెట్టి అధికారం మొత్తం కొట్టేస్తుంది. కాబట్టి మాడిఫై అనుమతినీ ఈ చిట్కానూ ఒకే ప్రోగ్రామ్‌కు కలపకూడదు.

ఇంతకీ ఈ పెట్టె ఆపనివేంటి? 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ఏపీ పోలీసు కంప్యూటర్లు కొన్నింటిని పట్టింది, వాటిలో చిత్తూరు జిల్లావీ ఉన్నాయి. అది నెట్‌వర్క్ ఫైల్ షేరింగ్‌లోని లోపం గుండా వచ్చింది, ఎవర్నీ ఏమీ అడగలేదు. దాన్ని ఆపగలిగేది అదే ఏడాది మార్చి 14న విడుదలైన అప్‌డేట్. మన డాక్యుమెంట్లను లాక్ చేసే రాన్సమ్‌వేర్‌కు అడ్మినిస్ట్రేటర్ అధికారమే అక్కర్లేదు, మన ఫైళ్లను మనం మార్చగలిగితే అదీ మార్చగలదు. క్రాక్ సాఫ్ట్‌వేర్ వేసేవాళ్లయితే ‘ఎస్’ వాళ్లే కొడతారు.

ఎనీడెస్క్ లాంటి యాప్‌తో దూరం నుంచి రిపేరు చేసేవాళ్లకు మసకబారిన స్క్రీన్ మామూలుగా కనిపించదు, నల్లగా ఉంటుంది. అందుకే ‘యూఏసీ ఆపండి సార్’ అంటారు. బ్యాంకు పేరు చెప్పి ఫోన్ చేసే మోసగాడికీ అదే అడ్డు, వాడూ అదే మాట అంటాడు. అక్కడ కాల్ కట్ చేయాలి.

ఇంటి సిస్టమ్‌కు మా సలహా ఖాతా మార్చుకోమని. సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్‌లో కొత్త లోకల్ ఖాతా చేసి, దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా మార్చి, పాస్‌వర్డ్ తప్పక పెట్టండి. ఖాళీగా వదిలితే అడ్డు పేరుకే. ఒకసారి దానిలోకి లాగిన్ అయి చూసుకున్నాక, అక్కడినుంచే పాత ఖాతాను స్టాండర్డ్ యూజర్ చేయండి. ఫైళ్లు, డెస్క్‌టాప్ ఎక్కడివక్కడే ఉంటాయి. అప్పుడు వచ్చే పెట్టె పాస్‌వర్డ్ అడుగుతుంది. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) మాక్ టెస్ట్ కోసమో, గేమ్ కోసమో పిల్లలు ఏదైనా వేయాలంటే పెద్దవాళ్లు వచ్చి కొట్టాలి. కొట్టేముందు పబ్లిషర్ పేరు చూడాలి. పసుపు రంగుతో అన్‌నోన్ అని ఉంటే ఆ ఫైల్ ఎక్కడినుంచి దింపారో అడగాలి.

మైక్రోసాఫ్ట్ కూడా చివరికి ఈ దారికే వస్తోంది. 2024 నవంబర్‌లో విండోస్ 11కు ప్రకటించిన అడ్మినిస్ట్రేటర్ ప్రొటెక్షన్‌లో రెండు టోకెన్ల పద్ధతి పోయి, విండోస్ స్వయంగా నడిపే విడి ఖాతాలో ఆ ఒక్క పనికి అధికారం పుడుతుంది, పని కాగానే పోతుంది. అడగకుండా అధికారం తెచ్చుకునే వెసులుబాటు విండోస్ భాగాలకూ ఉండదు. ఒక చిక్కు మాత్రం కొత్త రూపంలో వస్తుంది. అలా తెరిచిన ప్రోగ్రామ్ తన సెట్టింగులు, ఫైళ్లను ఆ విడి ఖాతా ప్రొఫైల్‌లో దాచవచ్చు. సేవ్ చేసింది కనిపించకపోతే ముందు అక్కడ వెతకాలి.