22 నుంచి 11కు: స్వదేశీ పిలుపు వెనుక మరుగున పడ్డ చేనేత చట్టం

2025 ఆగస్టులో మన ఎగుమతులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరిన నాటి నుంచి స్వదేశీ అన్న మాట మళ్లీ అందరి నోటా వినిపిస్తోంది. ఆ నెల 26న గుజరాత్‌లోని హన్సల్‌పూర్‌లో, సుజుకీ కార్ల ప్లాంటులో మాట్లాడుతూ ప్రధాని ఆ మాటకు ఒక నిర్వచనం కూడా ఇచ్చారు. పెట్టుబడి ఎవరిదైనా సరే, చెమట ఇక్కడి వారిదైతే అది స్వదేశీయే అన్నది దాని సారాంశం. కార్ల విషయంలో ఈ నిర్వచనంతో పెద్దగా పేచీ లేదు. చీరల విషయానికి వచ్చేసరికే చిక్కు మొదలవుతుంది. పోచంపల్లిలో మగ్గం మీద నేసిన ఇక్కత్ చీరలో ఉన్నదీ మన చెమటే, అదే బొమ్మను మిల్లు బట్టపై అచ్చు వేసి అందులో నాలుగో వంతు ధర కూడా లేకుండా అమ్ముతున్న చీరలో ఉన్నదీ మన చెమటే. రెండూ దేశంలోనే తయారయ్యాయి. వాటిలో ఒకటి రెండోదాని ఉపాధిని తినేస్తోందని చేనేత కుటుంబాలు దశాబ్దాలుగా చేస్తున్న ఫిర్యాదుకు ఈ నిర్వచనంలో జవాబు లేదు.

జవాబు ఒకప్పుడు ఉండేది. అది నినాదంగా గాక చట్టంగా ఉండేది. స్వదేశీ ఉద్యమానికి నాంది పలికిన 1905 ఆగస్టు 7 నాటి కలకత్తా టౌన్‌హాల్ సభ, విదేశీ వస్త్ర దహనాలు, రాట్నం - ఈ కథ పాఠకులకు కొత్తేమీ కాదు కనుక దాన్ని ఇక్కడ తిరగతోడడం లేదు. నేటి వివాదానికి మూలం అక్కడ లేదు కూడా. 1985లో పార్లమెంటు చేసిన ఒక చిన్న చట్టంలో, ఆ తర్వాతి పదకొండేళ్లలో దానికి పట్టిన గతిలో ఉంది.

చేనేత (ఉత్పత్తికి వస్తువుల రిజర్వేషన్) చట్టం 1985 మార్చిలో వచ్చింది. ఏ దేశంలో తయారైంది అన్న ప్రశ్నతో దానికి పని లేదు. ఎలా తయారైంది, ఏ మగ్గం మీద తయారైంది అన్నదే అది అడుగుతుంది. అందులో చేనేత మగ్గానికి ఇచ్చిన నిర్వచనం సామాన్యుడికి కూడా అర్థమవుతుంది: మరమగ్గం (కరెంటుతో నడిచే మగ్గం) కాని ఏ మగ్గమైనా చేనేత మగ్గమే. కేంద్రం ఒక జాబితా ప్రకటిస్తుంది. ఆ జాబితాలోని బట్టలను చేనేత మగ్గం మీదే నేయాలి, మరమగ్గం మీద నేస్తే ఆరు నెలల వరకు జైలు గానీ, మగ్గానికి 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ అని 1985లో చట్టం చెప్పింది. 1986 ఆగస్టులో వచ్చిన మొదటి జాబితాలో 22 రకాల వస్తువులున్నాయి. చీర, పంచె, తువ్వాలు, లుంగీ, దుప్పటి, జంపఖానా వంటి నిత్యం వాడే బట్టలన్నీ అందులో చేరాయి.

ఆ చట్టం గాలిలోంచి ఊడిపడలేదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో చేనేతకు పోటీ మిల్లులే. అందుకే 1950ల్లో కొన్ని రకాల పంచెలు, చీరల తయారీపై మిల్లులకు పరిమితులు పెట్టారు, మిల్లు బట్ట గజానికి మూడు పైల చొప్పున, అంటే పావు అణా, సుంకం వేసి ఆ డబ్బును ఖాదీ, చేనేతల అభివృద్ధికి మళ్లించారు. మిల్లును అలా కట్టడి చేసినంతలో పక్క సందులోంచి మరమగ్గం వచ్చింది. మిల్లులకు వర్తించే నియమాలు దానికి వర్తించవు, చూడడానికి కుటీర పరిశ్రమలా ఉంటుంది, నేసేది మాత్రం యంత్ర వేగంతో. 1974లో చేనేతపై ప్రభుత్వం వేసిన శివరామన్ కమిటీ ఈ సంగతిని లెక్కకట్టి చెప్పింది: ఒక మరమగ్గం కొత్తగా ఆడితే ఆరు చేనేత మగ్గాలు ఆగిపోతాయి. 1985 చట్టానికి పునాది ఈ ఒక్క వాక్యమే అంటే అతిశయోక్తి కాదు. దేశంలోని ఉపాధిని దేశంలోనే ఉన్న మరో ఉపాధి ఎలా మింగుతుందో ప్రభుత్వ కాగితంపై అంత సూటిగా రాసిన సందర్భాలు అరుదు.

చట్టం వచ్చిన మూడు నెలలకే, అదే ఏడాది జూన్‌లో, కొత్త జౌళి విధానం వచ్చింది. మిల్లు, మరమగ్గం, చేనేత అనే విభజన కన్నా మొత్తం బట్ట ఎంత తయారవుతోందన్నదే దానికి ప్రధానమైంది. ఒక చేత్తో కంచె వేస్తూ మరో చేత్తో గేటు తెరిచినట్టయిందని చేనేత పక్షం అప్పట్లోనే గుర్తించింది.

అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. జాబితా వెలువడగానే మరమగ్గాల యజమానులు కోర్టులకు వెళ్లారు. నచ్చిన వృత్తి చేసుకునే హక్కును, సమానత్వ హక్కును ఈ చట్టం హరిస్తోందన్నది వారి వాదన. స్టేలు వచ్చాయి. చట్టం పుస్తకంలో ఉంది, మరమగ్గాలు జాబితాలోని చీరలను నేస్తూనే ఉన్నాయి. 1993 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పర్వేజ్ అఖ్తర్ కేసులో తీర్పు చెప్పింది. వ్యవసాయం తర్వాత అత్యధికులకు పని కల్పిస్తున్న రంగాన్ని కాపాడడానికి పెట్టిన ఈ ఆంక్షలు సమంజసమైనవే, ప్రజా ప్రయోజనానికి తగినవేనంటూ చట్టాన్ని పూర్తిగా సమర్థించింది. ఏడేళ్ల నిరీక్షణ తర్వాత చేనేతకు దక్కిన ఆ గెలుపులో షరతులేమీ లేవు.

ఆ గెలుపు మూడేళ్లు నిలిచింది. 1996 జులైలో కేంద్రం కొత్త ఉత్తర్వు జారీ చేసి 22 వస్తువుల జాబితాను 11కు కుదించింది. కోర్టులో ఓడిన పక్షానికి కోర్టు ఇవ్వనిది సచివాలయం నుంచి అందింది. సరళీకరణ మొదలై అప్పటికి అయిదేళ్లు, ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడి ఏడాదిన్నర, దాని ఒప్పందం ప్రకారం 2005 నాటికి జౌళి కోటాలన్నీ ఎత్తేయాలి, ఎగుమతులకు బట్ట కావాలి. ఆ వాతావరణంలో రిజర్వేషన్ అన్న మాటే పాతకాలపు వాసన కొట్టింది. మిగిలిన 11 రకాల్లోనూ ఒక్కొక్కదానికీ ఇచ్చిన సాంకేతిక వర్ణన ఎంత ఇరుకుగా ఉందంటే, నూలులో కాస్త కృత్రిమ దారం కలిపినా, అంచు నేత తీరు కొద్దిగా మార్చినా అది జాబితాలోని చీర కాదని వాదించడానికి వీలు దొరికింది.

జనగణన లాంటి చేనేత గణనల అంకెలను వరుసగా పెట్టి చూస్తే ఈ మలుపు కంటికి కనిపిస్తుంది. 1987-88లో చేనేత, దాని అనుబంధ పనుల్లో ఉన్నవారు సుమారు 67 లక్షలు. 1995-96లో సుమారు 65 లక్షలు. 2009-10 నాటికి 43.31 లక్షలు. 2019-20లో 35.22 లక్షలు. మొదటి ఎనిమిదేళ్లలో తగ్గింది రెండు లక్షలయితే, జాబితా కుదించిన తర్వాతి పద్నాలుగేళ్లలో తగ్గింది ఇరవై లక్షలకు పైనే. దీనికంతటికీ 1996 ఉత్తర్వు ఒక్కటే కారణమని ఎవరూ అనలేరు. నూలు, రంగుల ధరలు, పట్టణాల్లో దొరికే ఇతర పనులు, పిల్లల చదువులు కూడా అందులో ఉన్నాయి. కానీ స్వదేశీ గురించి జరుగుతున్న చర్చల్లో ఈ అంకెలు ఎక్కడా ప్రస్తావనకు రాకపోవడం మాత్రం విచిత్రంగానే ఉంది.

అంకెల వెనుక ఉన్న పని ఎలాంటిదో ఒక్క ఇక్కత్ చీరను చూస్తే తెలుస్తుంది. బొమ్మ బట్ట మీదకు రాకముందే నూలు మీద ఉండాలి. అందుకోసం పేక నూలును, అంటే బట్టలో అడ్డంగా నడిచే దారాన్ని, ముందుగా ఆసు మీద పోయాలి. అర్ధచంద్రాకారంలో మేకులు గుచ్చిన చట్రం చుట్టూ దారాన్ని చేత్తో తిప్పుతూ, ఒక్క చీరకు సుమారు తొమ్మిది వేల సార్లు చేయి ముందుకూ వెనక్కూ ఆడించాలి. ఇంట్లో ఆ పని ఆడవాళ్లదే, అందుకే భుజం నొప్పి కూడా వాళ్లదే. ఆ తర్వాత లెక్క ప్రకారం గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట రబ్బరు పేలికలతో బిగించి కట్టి, ముంచి, విప్పి, మళ్లీ కట్టి, మరో రంగులో ముంచాలి. ఇంతా అయ్యాకే మగ్గం ఎక్కుతుంది. చేనేత వారు యంత్రాన్ని వద్దంటారని, కాలంతో మారరని అనేవారు ఒక సంగతి గమనించాలి. తల్లి పడే బాధ చూడలేక ఆసు యంత్రాన్ని తయారు చేసింది ఆలేరు ప్రాంతపు నేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశమే. దానికి తల్లి పేరే పెట్టారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నేతను వదలకుండా నొప్పిని తగ్గించే యంత్రానికి నేతన్న ఎన్నడూ ఎదురు చెప్పలేదు.

మరమగ్గాల పక్షానికీ ఒక వాదన ఉంది. సిరిసిల్లలో మరమగ్గం నడిపేవారు కూడా చాలామంది నేత కులాల వారే, చేనేతలో తిండి దొరక్క అటు మళ్లినవారే. యజమాని, అతని దగ్గర పని తీసుకుని మగ్గాలు నడిపించే ఆసామి, కార్మికుడు అనే మూడంచెల వ్యవస్థలో అట్టడుగున ఉన్న కార్మికుడి కూలి చేనేత కూలికన్నా గొప్పదేమీ కాదు. 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన బతుకమ్మ చీరల ఆర్డర్లు అక్కడ కొన్నేళ్లు పొయ్యిలు వెలిగించాయి, అవి ఆగినప్పుడు సాంచాలు (మరమగ్గాలు) ఆగాయి, 2025లో ఇందిరమ్మ చీరల పేరుతో మళ్లీ పని వచ్చింది. పేదలకు చవక బట్ట కావాలి గదా అన్న ప్రశ్నా సరైనదే. అయితే 1985 చట్టం మరమగ్గాన్ని మూసేయమనలేదు. చేనేతకు కేటాయించిన కొన్ని రకాలను వదిలి మిగతా బట్టంతా నేసుకోమంది.

జాబితాతో పాటు నూలు విషయంలోనూ ఇదే కథ. చేనేత మగ్గానికి కావలసింది చిలపల నూలు, అంటే చుట్టలుగా కట్టిన నూలు. అది దొరకాలంటే స్పిన్నింగు మిల్లులు అమ్మే నూలులో కొంత భాగాన్ని చిలపలుగానే కట్టాలన్న నిబంధన ఉంది. ఆ వాటా 50 శాతంగా ఉండేది, 2003లో 40 శాతానికి, 2019లో 30 శాతానికి తగ్గింది. చిలపల నూలుకు ఉన్న రాయితీల కోసం దాన్ని కొని, విప్పి, మరమగ్గాలకు మళ్లించడం అందరికీ తెలిసిన దందా. వాటా తగ్గించడానికి చెప్పిన సమర్థన, అంత చిలపల నూలుకు గిరాకీ లేదని. మగ్గాలు ఆగితే నూలుకు గిరాకీ ఎక్కడి నుంచి వస్తుంది?

2013 ప్రాంతంలో జౌళి శాఖ నిర్వచనం మీదకే వచ్చింది. నేతలో ఏదో ఒక దశలో మనిషి చేయి పడితే చాలు, మోటారు బిగించిన మగ్గాన్ని కూడా చేనేతగా లెక్కించవచ్చన్న ప్రతిపాదన తెచ్చింది. సంఘాలు గట్టిగా అడ్డుకోవడంతో అది ఆగింది. 2015 నుంచి ఆగస్టు 7ను జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుతున్నారు. 2020లో ఆ రోజుకు కొద్ది రోజుల ముందు, జులై నెలాఖరులో, అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేశారు. 2021 డిసెంబరు 30న జాతీయ పతాక నియమావళిని సవరించి, అప్పటిదాకా చేత్తో వడికి చేత్తో నేసిన బట్టకే పరిమితమైన జెండాను పాలియెస్టర్‌తో, యంత్రం మీద కూడా చేసుకోవచ్చన్నారు. మరుసటి ఏడాది ఇంటింటా ఎగిరిన జెండాల్లో అధిక భాగం ఆ బట్టవే. స్వదేశీకి గుర్తుగా నిలిచిన జెండా విషయంలోనే ఎవరి చేతి నేత అన్న ప్రశ్నను పక్కన పెట్టాక, చీర విషయంలో దాన్ని కొనుగోలుదారు మీద మోపడం ఎంతవరకు న్యాయమన్నది చేనేత సంఘాల ప్రశ్న.

ఎందుకంటే ప్రస్తుతం భారమంతా కొనేవారి మీదే ఉంది. 2020 నుంచి ఆన్‌లైన్ అమ్మకాల్లో వస్తువు ఏ దేశానిదో చెప్పి తీరాలి. అది దేశం పేరు చెబుతుంది, మగ్గం ఏదో చెప్పదు. మగ్గం ఏదో చెప్పే చేనేత ముద్ర 2006లోనే వచ్చింది గానీ దాన్ని వేసుకోవడం స్వచ్ఛందమే. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది, అయినా ఆ పేరు వాడకుండా బొమ్మను మాత్రం అచ్చు వేసి అమ్మేవాడిని పట్టుకోవడం కష్టం. కొంగును తిరగేసి చూడమని నేతన్నలు చెబుతారు. నేసిన బొమ్మ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచుల వద్ద రంగు కాస్త చెదిరినట్టుంటుంది. అచ్చు బొమ్మ వెనక వెలిసినట్టు కనిపిస్తుంది.

1996 నాటి 11 రకాల జాబితా, కొద్దిపాటి సవరణలతో, నేటికీ అమల్లోనే ఉంది. దాని కింద నేరం నేయడమే గానీ అమ్మడం కాదు. తనిఖీ అధికారి మరమగ్గాల షెడ్డుకు వెళ్లగలడు, నకిలీని అద్దాల బీరువాలో పెట్టి అమ్మే దుకాణం మాత్రం ఆ చట్టం పరిధిలోకి రాదు. బట్టపై అచ్చు వేయడం నేత కిందకే రాదు. మోసపోయిన కొనుగోలుదారు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, అయితే అక్కడ ముందు అడిగేది బిల్లు. బిల్లు మీద చాలాసార్లు ఉండేది 'శారీ' అన్న ఒక్క మాటే.